పేజీలో పట్టని పరమాణువు



పోయినేడాది యూనిట్ టెస్టులో కార్బన్ పరమాణువు బొమ్మ గీయమని అడిగాను. ఎనిమిదో తరగతిలో ఒక పాప పేజీ మధ్యలో పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, "ఇది కేంద్రకం. ఇందులో 6 ప్రోటాన్లు, 6 న్యూట్రాన్లు. 6 ఎలక్ట్రాన్లు ఈ పేజీలో పట్టవు మేడమ్" అని రాసింది. వెటకారం అనుకుని సున్నా వేశాను.

పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు నన్ను తప్పుపట్టలేదు. "లెక్క వేసే రాశానంటోంది, ఒకసారి చూస్తారా?" అన్నారు. ఆ సాయంత్రం చూశాను. పరమాణువు వెడల్పు దాని కేంద్రకం కంటే సుమారు లక్ష రెట్లు ఎక్కువ. అది నేను బోర్డు మీద రాసిన మాటే! చుక్క ఒక మిల్లీమీటరైతే పరమాణువు 100 మీటర్లు ఉండాలి. అంటే కేంద్రకం ఆవగింజంత అనుకుంటే, పరమాణువు పెద్ద క్రికెట్ గ్రౌండంత. ఎలక్ట్రాన్లు ఉండేది ఆ ఖాళీలోనే. పాప లెక్క కరెక్ట్.

మరి పుస్తకంలోని గుండ్రటి గీతలు తప్పా? కాదు. ఆ బొమ్మ పెళ్లి కార్డు వెనక వేసే రూట్ మ్యాప్ లాంటిది. ఏ మలుపు తర్వాత ఏది వస్తుందో చెబుతుంది గానీ దూరాలు చూపదు. కార్బన్‌లో మొదటి కక్ష్యలో 2, రెండో కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు అని చెప్పడం వరకే దాని పని. ఈ మాట నేను క్లాసులో చెప్పి ఉండాల్సింది.

ఈ ఖాళీ సంగతి తెలియడానికి దారి వేసిన ప్రయోగం 1909లో మాంచెస్టర్‌లో జరిగింది. పలుచని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు పంపితే దాదాపు అన్నీ దూసుకుపోయాయి. ఏ కొన్నో వెనక్కి తిరిగొచ్చాయి. వాటిని గమనించినవారిలో మార్స్‌డెన్ అప్పటికి 20 ఏళ్ల విద్యార్థి. వెనక్కి ఏమీ రాదనుకుంటూనే, చూడమని ఆయనకు చెప్పింది రూథర్‌ఫర్డ్. ఆ ఫలితం ఆధారంగానే 1911లో ఆయన పరమాణువుకు కొత్త నమూనా ఇచ్చారు.

నేను మా పాపకు ఆపాటి అవకాశం ఇవ్వలేదు. తర్వాత మార్కులు సరిచేసి, క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. అయినా తర్వాతి టెస్టులో తను కంపాస్ పెట్టి పుస్తకంలో ఉన్నట్టే గీసింది. ఫుల్ మార్కులు వచ్చాయి. ప్రశ్నలు అడగడం మాత్రం తగ్గించింది. నా బాధ అదే.

అందుకే మీకో మాట. ఆన్సర్ పేపర్లు ఇంటికి వచ్చినప్పుడు, మార్కు తగ్గినచోట "ఎందుకు తప్పు రాశావు?" అనకుండా "ఏమనుకుని ఇలా రాశావు?" అని అడగండి. జవాబులో విషయం ఉందనిపిస్తే పేపరు మా దగ్గరికి తీసుకురండి. మళ్లీ చూస్తాం.