కీళ్ళున్న బొమ్మల ఊరు నిమ్మలకుంట

ఫోన్‌లో గేమ్ ఆడుతుంటే హీరో పరిగెత్తుకుంటూ వచ్చి గోతి మీంచి దూకుతాడు. మన కళ్ళు స్కోరు మీద ఉంటాయి. వాడి మోకాలు ఎక్కడ వంగిందో, చెయ్యి ఎంత వేగంగా వెనక్కి వెళ్ళిందో ఎవరం పట్టించుకోం. కానీ 2డి గేమ్‌లో ఆ ఒక్క గెంతు వెనక మూడు పనులుంటాయి. బొమ్మ గీయడం డిజైన్. గీసిన బొమ్మని తల, మొండెం, చేతులు, కాళ్ళుగా విడగొట్టి, కీళ్ళు పెట్టి, లోపల కనపడని ఎముకలు అమర్చడం రిగ్గింగ్. ఆ ఎముకల్ని తిప్పుతూ నడక, పరుగు, దెబ్బ తిని పడిపోవడం చేయించడం యానిమేషన్.

అన్ని గేములూ ఇలాగే చెయ్యరు. 2017లో వచ్చిన కప్‌హెడ్‌లో పాత్రల కదలికలన్నీ పాతకాలం కార్టూన్లలా ఫ్రేము తర్వాత ఫ్రేము చేత్తో గీశారు. చిన్న టీముకి అంత టైమూ డబ్బూ ఎక్కణ్ణుంచి వస్తాయి? ఒక్కసారి గీసి, కీళ్ళు పెట్టి, వంద రకాలుగా ఆడించుకోవడమే మాలాంటివాళ్ళకి దారి.

ఈ దారి కంప్యూటర్‌తో పుట్టింది కాదు. 1926లో జర్మనీలో లొట్టె రైనిగర్ అనే ఆవిడ నల్ల అట్టముక్కలు కత్తిరించి, తీగతో కీళ్ళు కట్టి, ప్రిన్స్ అహ్మద్ కథని పూర్తి నిడివి సినిమాగా తీసింది. అంతకన్నా ఎంతో ముందునుంచీ మన దగ్గర తోలుబొమ్మలాటవాళ్ళు చేస్తున్నదీ ఇదే. బొమ్మ ఒకటే, కీళ్ళు కొన్ని, కథలు బోలెడు.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు ఒక ఫ్రెండుతో కలిసి చిన్న గేమ్ తయారుచేస్తున్నాను. హీరోకి కీళ్ళు పెట్టే పని నాది. అందుకే ఓ శని, ఆదివారాలు చూసుకుని నిమ్మలకుంటకి బయల్దేరాను. ఇది ధర్మవరం దగ్గరి ఊరు. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా.

ముందు లేపాక్షిలో దిగండి

బెంగళూరు నుంచి ధర్మవరం వెళ్ళే రైలు దారిలోనే హిందూపురం వస్తుంది. అక్కణ్ణుంచి లేపాక్షి 15 కిలోమీటర్లు. వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగే జనం, పెద్ద నంది ముందు సెల్ఫీలు. అవి మీకు తెలిసినవే. నేను మాత్రం వీరభద్రస్వామి గుడి మండపంలో మెడ నొప్పి పుట్టేదాకా పైకప్పు చూశాను.

16వ శతాబ్దంలో, విజయనగరం కాలంలో వేసిన రంగుల బొమ్మలవి. చాలావాటిలో ముఖం పక్కకి తిరిగి ఉంటుంది, ఛాతీ మాత్రం మనవైపు. పాదాలు మళ్ళీ పక్కకి. నిజం మనిషి అలా నిలబడితే నడుం పట్టేస్తుంది. కానీ చూసేవాడికి ముక్కు, భుజాలు, అడుగు అన్నీ ఒకేసారి తెలుస్తాయి. పక్కనుంచి కనిపించే గేముల్లో హీరోని చాలామంది దాదాపు ఇలాగే గీస్తారు. చిన్న స్క్రీన్ మీద మనిషిని గుర్తుపట్టాల్సింది నీడ ఆకారంతోనే కాబట్టి.

తోలుబొమ్మల ముఖాలకీ, నగలకీ, చీరల అంచులకీ ఈ పైకప్పు బొమ్మలతో పోలిక ఉందని కళల గురించి రాసేవాళ్ళు చెబుతుంటారు. ముందు ఇవి చూసి తర్వాత నిమ్మలకుంట వెళ్తే, ఆ పోలిక ఎవరూ చెప్పకుండానే మీకు కనబడుతుంది. తేడా ఒక్కటే. పైకప్పు మీది బొమ్మలు కదలవు.

ఊళ్ళోకి

మళ్ళీ హిందూపురం వచ్చి రైలెక్కితే కిటికీలోంచి గుండ్రాళ్ళ కొండలు, వేరుశనగ చేలు. ధర్మవరంలో దిగగానే పట్టుచీరల కొట్ల బోర్డులు. అక్కణ్ణుంచి ఆటో మాట్లాడుకున్నాను. "బొమ్మలోళ్ళ ఊరికా?" అన్నాడు ఆటో అన్న. అడ్రసు చెప్పే పని లేకపోయింది.

నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాల ఇళ్ళు పక్కపక్కనే ఉంటాయి. వాళ్ళు బయటివాళ్ళతో తెలుగు మాట్లాడతారు, ఇంట్లో మరాఠీ యాసతో ఉండే ఆరె భాష. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావుగారిది ఈ ఊరే. నేను కూర్చున్నది మరో ఇంటి వసారాలో. ఆ ఇంటి పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. ఆయన మనవడు డిగ్రీ చదువుతున్నాడు.

పని మేకతోలుతో మొదలవుతుంది. వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, సాగదీసి ఆరబెడతారు. ఆరాక తోలు లోంచి వెలుతురు కనబడుతుంది. దానిమీద మొనదేలిన పనిముట్టుతో బొమ్మ గీసి, ఉలి, సుత్తి పెట్టి చిల్లులు కొడతారు. నగలు, కిరీటం, చీర అంచు అన్నీ ఆ చిల్లులే. తెర వెనక దీపం పెడితే చిల్లుల్లోంచి వచ్చే వెలుగే బంగారం.

రంగు రెండువైపులా వేస్తారు. ఎందుకంటే బొమ్మని తిరగేస్తే అది అటు తిరిగి నడుస్తుంది. గేమ్‌లో మేమూ ఇదే చేస్తాం. హీరో ఎడమవైపు నడవాలంటే కొత్త బొమ్మ గీయం, ఉన్నదాన్నే అద్దంలోలా తిప్పేస్తాం. మాకది ఒక్క అంకె ముందు మైనస్ గుర్తు. వాళ్ళకి ఇంకో పూట రంగుపని.

11 ముక్కలు, 10 కీళ్ళు

పెద్దాయన దాదాపు నా భుజం ఎత్తున్న ఆంజనేయుణ్ణి తీసి నేలమీద పరిచాడు. నేను ముక్కలు లెక్కపెట్టాను. తల, మొండెం, తోక కలిసి ఒకటే ముక్క. పై చేతులు 2, ముంజేతులు 2, అరచేతులు 2. తొడలు 2, పిక్కా పాదం కలిసినవి 2. మొత్తం 11 ముక్కలు, 10 కీళ్ళు. ఒక్కో కీలు దగ్గర రెండు ముక్కలకీ చిల్లు పెట్టి, దారం దూర్చి, రెండువైపులా ముడి.

"మెడకి కీలు పెట్టలేదేం తాతా?" అనడిగాను.

"ఆంజనేయసామికి మెడ ఊగులాడితే ఏం బాగుంటాది నాయనా? నాట్యమాడే బొమ్మకైతే పెడ్తాం. దానికి మెడ ఆడల్ల, నడుమూ ఆడల్ల" అన్నాడు.

మా రిగ్గింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎముక పెట్టడం ఒక క్లిక్కు. ఖర్చు లేదు కాబట్టి మెడకీ, నడుముకీ, ప్రతి వేలికీ పెట్టుకుంటూ పోవచ్చు. ఇక్కడ కీలు ఎక్కడ ఉండాలన్నది ఆ పాత్ర స్వభావాన్ని బట్టి ఉంటుంది. మెడ తిరగనివాడు గంభీరంగా ఉంటాడు. మెడ తిరిగేది నాట్యగత్తె. అదే ఇంట్లో ఉన్న రావణుడి పది తలలూ ఒకటే ముక్క.

ఇంకో సంగతి. రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి పడ్డచోట తోలు రెండు పొరలవుతుంది, తెరమీద అక్కడ ముదురు మచ్చ కనబడుతుంది. అందుకే కీలు దగ్గర తోలుని గుండ్రంగా కోసి, ఎంత అవసరమో అంతే ఒకదానిమీదకి ఇంకోటి ఎక్కిస్తారు. చెయ్యి ఎటు తిప్పినా సందు కనపడకూడదు, మచ్చా పెరగకూడదు. గేమ్ ఆర్టిస్టులు మోచేతిని, మోకాలిని గుండ్రంగా గీసేదీ సందు కనపడకుండా ఉండాలనే.

పట్టుకునేది చేతిని, వంగేది మోచెయ్యి

ఆంజనేయుడికి నడిమధ్య నిలువునా ఒక వెదురు దబ్బ. చేతులకి రెండు పుల్లలు. కాళ్ళకి ఏమీ లేదు. 10 కీళ్ళున్న బొమ్మని ఆడించడానికి మూడే పట్లు.

గుమ్మానికి అడ్డంగా తెల్ల పంచె కట్టి, వెనక బల్బు వేలాడదీశారు. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవారు. పెద్దాయన పుల్లతో అరచేతిని పైకి లేపాడు. మోచెయ్యి దానంతట అదే వంగింది. భుజం దానంతట అదే తిరిగింది. దీన్నే మేము ఇన్వర్స్ కైనమాటిక్స్ అంటాం. చివరి భాగాన్ని ఎక్కడ ఉంచాలో చెబితే, మధ్యలో కీళ్ళు ఎంత తిరగాలో సాఫ్ట్‌వేర్ లెక్క కట్టుకుంటుంది. ఇక్కడ ఆ లెక్క దారం ముడీ, తోలు బరువూ చేసేస్తున్నాయి.

కాళ్ళది ఇంకా తమాషా. బొమ్మ ముందుకి కదిలితే అవి కొంచెం ఆలస్యంగా వెంట వస్తాయి. ఆగితే ఇంకో ఊపు ఊగి ఆగుతాయి. ఈ ఆలస్యం వల్లే బొమ్మకి బరువున్నట్టు అనిపిస్తుంది. గేముల్లో జుట్టుకీ, పైబట్టకీ ఫిజిక్స్ పెట్టేది దీనికోసమే.

ఆంజనేయుడు సముద్రం దాటే ముందు పెద్దాయన దబ్బని చటుక్కున పైకి లేపలేదు. ముందు బెత్తెడు కిందికి దించి, ఒక్క క్షణం ఆపి, అప్పుడు లేపాడు. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వచ్చిన తమ పుస్తకంలో రాసిన 12 సూత్రాల్లో ఇదొకటి. పెద్ద కదలికకి ముందు దానికి ఎదురుగా చిన్న కదలిక ఉండాలి, అప్పుడే చూసేవాడి కన్ను సిద్ధమవుతుంది. పెద్దాయన ఆ పుస్తకం చూసి ఉండడు. తెరకి అవతల కూర్చున్న జనాన్ని చూసి నేర్చుకున్నాడు.

ఆటలో మాట్లాడే బొమ్మే కదులుతుంది. మిగతావి తెరకి ఈతముళ్ళతో గుచ్చి ఉంటాయి. ఆడవాళ్ళు సీత గొంతు, మగవాళ్ళు రావణుడి గొంతు. యుద్ధమొస్తే కాలికింద చెక్క దడదడలాడుతుంది. జనం కునికిపాట్లు పడుతుంటే జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుని నవ్విస్తారు. ఇలా తెల్లవార్లూ.

ల్యాంప్ షేడ్‌కి మోకాలు అక్కర్లేదు

ఇప్పుడు తెల్లవార్లూ ఆట ఎక్కడుంది? ఆ వసారాలో తయారవుతున్నవి ల్యాంప్ షేడ్లు. గోడకి తగిలించే నెమళ్ళు, వినాయకులు. ఎగ్జిబిషన్లలో బాగా పోతాయి. మనవడు ఉలి పట్టి చిల్లులు కొడుతుంటే కుట్టుమిషన్ నడిచినట్టుంది. గీత కూడా తాతకన్నా సన్నం.

"ఆడించడం వచ్చా నీకు?" అన్నాను.

"బొమ్మ చేస్తానన్నా. ఆడించేది తాతే" అన్నాడు.

డిజైన్, రిగ్గింగ్, యానిమేషన్ అని మొదట్లో చెప్పాను కదా. ఈ ఊళ్ళో డిజైన్‌కి ఢోకా లేదు. మార్కెట్ ఉంది, అవార్డులున్నాయి, ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపూ ఉంది. మిగతా రెండిటికే గిరాకీ లేదు. ల్యాంప్ షేడ్‌కి గీత కావాలి, రంగు కావాలి, చిల్లులు కావాలి. కీలు అక్కర్లేదు. కళ బతికే ఉందని మనం సంతోషపడుతుంటే, అందులోంచి కదలిక ఒక్కటి చడీచప్పుడు లేకుండా తప్పుకుంటోంది.

ఆ మాటే అంటే పెద్దాయన ఒప్పుకోలేదు. "ల్యాంపే కూడు పెడ్తాంది నాయనా. దాన్ని అనకూడదు" అన్నాడు. కాసేపాగి ఆంజనేయుడి భుజం ముడి వేలితో నొక్కి చూపించాడు. "కీలు యాడ పెట్టల్లో చెప్పొచ్చు. ముడి ఎంత బిగువుండల్లో మాత్రం ఆడిస్తేనే తెలుస్తాది. భుజం బిగువు, మోకాలు వదులు. బొమ్మకొక తీరుగా ఉంటాది."

ఆ బిగువు ఏ ఫొటోలోనూ పడదు. మ్యూజియం అద్దాల పెట్టెలో బొమ్మ ఉంటుంది, రంగు ఉంటుంది, ముడి కూడా ఉంటుంది. దాన్ని ఎంత బిగించాలో ఎందుకలా బిగించాలో తెలిసింది ఆయన వేళ్ళకే.

బెంగళూరుకి తిరిగొచ్చాక

వాళ్ళ అనుమతితో తీసిన ఫొటోల ఆధారంగా మా హీరోకి 11 ముక్కలు, 10 కీళ్ళతో కొత్త రిగ్ కట్టాను. దబ్బ ఉన్నచోట మూల ఎముక. రెండు అరచేతుల దగ్గర ఇన్వర్స్ కైనమాటిక్స్. కాళ్ళకి ఫిజిక్స్. పది సెకన్ల వీడియో తీసి మనవడికి పంపాను. రాత్రికి జవాబొచ్చింది. "తాతకి చూపించిన అన్నా. మోకాలు బిగువైందంట, ఇంకా వదులు చెయ్యమన్నాడు. దిగేటప్పుడు కూడా ఒక్క క్షణం ఆపల్లంట."

నేను సెట్టింగ్స్ మార్చి మళ్ళీ పంపాను. ఈసారి వచ్చింది టెక్స్ట్ కాదు, వీడియో. వసారాలో అదే పంచె, అదే బల్బు. వెదురు దబ్బ పట్టుకుంది మనవడు. ఆంజనేయుడు కిందికి దిగి, ఆగి, కాళ్ళు ఒక ఊపు ఊగాయి. పక్కనుంచి తాత గొంతు: "ఇంకా మెల్లగా."

మీరు వెళ్ళాలనుకుంటే ఎండాకాలం తప్పించి వెళ్ళండి. పొద్దున హిందూపురంలో దిగితే లేపాక్షి చూసుకుని సాయంత్రానికి ధర్మవరం చేరొచ్చు, మర్నాడంతా నిమ్మలకుంటకి ఉంటుంది. ల్యాంప్ షేడ్ కొనుక్కోండి, ఇంట్లో చాలా బాగుంటుంది. దాంతోపాటు కీళ్ళున్న బొమ్మ ఒక్కటి అడగండి. అంత పెద్దది అక్కర్లేదు, మూరెడుది చాలు. ముడి ఎంత బిగించాలో చూడటానికి ఇంట్లో ఎవరో ఒకరు దాన్ని ఒకసారి ఆడించి మరీ మీ చేతికిస్తారు.