అక్షరదోషాలు లేవు

తెల్లవారుజామున నాలుగున్నర. ఊరింకా నిద్రలేవలేదు. కల్యాణ మండపం ముందు మాత్రం ఓ కుర్రాడు నిచ్చెనెక్కి ఫ్లెక్సీ కడుతున్నాడు. 'ఎడమవైపు ఇంకాస్త పైకి... ఇంకాస్త... చాలు చాలు' అంటూ కింద నుంచి చెబుతోంది ఆమె. ఓ చేతిలో ఫోను, ఇంకో చేతిలో టీ గ్లాసు, చంకలో లెక్కల పుస్తకం. చూసినవాళ్లెవరైనా పెళ్లికూతురి అక్క అనుకుంటారు. కాదు. ఆమె ఓ విశ్వవిద్యాలయంలో ఉద్యోగి!

'మీ అమ్మాయి యూనివర్సిటీలో చేస్తోందటగా, ఏం పాఠం చెబుతుందీ?' అని బంధువులు అడిగితే వాళ్లమ్మ కాసేపు తడుముకునేది. మార్కెటింగ్ ఈవెంట్స్ కోఆర్డినేటర్ అంటే ఎవరికర్థమవుతుంది? అందుకే 'అక్కడ ఏ ఫంక్షన్ జరిగినా మా అమ్మాయే చూసుకుంటుంది' అని సరిపెట్టేది. 'అంటే... కుర్చీలు వేయిస్తుందా?' అందట ఓ పిన్నిగారు. ఆ మాట చెబుతున్నప్పుడు వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం పకపకా నవ్వింది. 'అవునమ్మా, కుర్చీలే వేయిస్తా. టెంట్‌హౌస్ వాడు నాలుగొందలని చెప్పి మూడొందల ఎనభై పంపుతాడు. అవి లెక్కపెట్టేదీ నేనే!'

ఒకప్పుడు ఈ ఉద్యోగమే లేదు. సీటు కోసం పిల్లలే విశ్వవిద్యాలయాల చుట్టూ తిరిగేవారు. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో, తెలంగాణలో 2018లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాలు వచ్చాయి. ఆ తర్వాత కొత్త క్యాంపస్‌లు వెలిశాయి. ఇప్పుడు విశ్వవిద్యాలయాలే ఊరూరా తిరిగి పిల్లల్ని పిలుస్తున్నాయి. ఆ పిలుపులకు పందిరి వేయడమే ఆమె పని. గుంటూరు-విజయవాడ మధ్య ఉన్న ఓ క్యాంపస్‌లో ఎంబీయే అయిన వెంటనే చేరింది.

ఏడాదంతా పండగలే. ఇంటర్ ఫలితాలు రాగానే ఊరూరా ఎడ్యుకేషన్ ఫెయిర్లు. మే నెలలో తల్లిదండ్రులను బస్సుల్లో తీసుకొచ్చి క్యాంపస్ చూపించడం. ఆగస్టులో కొత్త పిల్లలకు స్వాగతం. చలికాలంలో టెక్నికల్ ఫెస్ట్. మధ్యలో స్నాతకోత్సవం. ప్రతిదానికీ వేదిక, మైకు, భోజనాలు, బొకేలు, శాలువాలు. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో చూడాలి. ముఖ్య అతిథికి చక్కెర వ్యాధి ఉందేమో కనుక్కోవాలి.

ఈ పనిలో పాఠ్యపుస్తకాల్లో దొరకని విద్యలు చాలా ఉన్నాయి. జ్యోతి ప్రజ్వలన వేళకు వేదిక మీద ఫ్యాన్లు ఆపించాలి. వత్తుల కొసన ముందే చిటికెడు కర్పూరం పెట్టాలి. లేదంటే పెద్దలంతా కొవ్వొత్తి పట్టుకుని నిలబడిపోతారు, ఫొటోగ్రాఫర్ దిక్కులు చూస్తాడు. జ్ఞాపికలు ఎప్పుడూ రెండు ఎక్కువ చేయించాలి. పిలవని పెద్దమనిషి ఒకరు తప్పకుండా వేదికెక్కుతారు. అన్నిటికంటే ముఖ్యం... అచ్చుకు వెళ్లే ప్రతి కాగితమూ తనే చదవాలి. ఒకసారి ఫ్లెక్సీ మీద అతిథి ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పుపడింది. ఆ పెద్దాయన ఉపన్యాసం మొదలుపెట్టిందే ఆ అక్షరంతో! అప్పట్నుంచి ఆమె చూడకుండా ఏదీ అచ్చుకు వెళ్లదు. కరపత్రమైనా, కూపనైనా, దరఖాస్తు ఫారమైనా సరే... చదివి, అడుగున 'అక్షరదోషాలు లేవు' అని రాసి సంతకం పెడుతుంది.

ఆ సంతకమే ఓసారి ఆమెను నిలదీసింది.

2024 ఏప్రిల్. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ ఫలితాలు 12వ తేదీనే వచ్చేశాయి. మరోపక్క ఎన్నికలు. ఫ్లెక్సీలు వేసే దుకాణాల్లో పార్టీల పనే తెమలడం లేదు. ఎలాగో బతిమాలి, రాత్రంతా కూర్చుని అచ్చు వేయించుకుని, నెలాఖరు ఆదివారం గుంటూరులో ఫెయిర్ పెట్టింది. పది గంటలకే జనం. పిల్లల చేతుల్లో మార్కుల జాబితాలు, తండ్రుల చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్లు, తల్లుల కళ్లల్లో దిగులు. గుమ్మం దగ్గర మజ్జిగ, లోపల కూలర్లు. ఎదురుగా నిలువెత్తు ఫ్లెక్సీ... లక్షల ప్యాకేజీ అందుకున్న ఓ కుర్రాడి నవ్వు ముఖం.

మధ్యాహ్నం ఒకాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మడం మొదలుపెట్టారు. ఆయన నొచ్చుకుంటూ 'మిర్చి యార్డులో గుమస్తానండీ. ఉతికినా ఘాటు పోదు' అన్నాడు. ఆమే మజ్జిగ గ్లాసు అందించింది. కుర్రాడికి కంప్యూటర్ సైన్స్ కావాలి. ఎంసెట్... అదే, ఇప్పటి ఈఏపీసెట్ ఇంకా రాయలేదు.

'ఈ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే ప్రభుత్వ కాలేజీలో రావచ్చంటున్నారు. రాకపోతేనో అని భయం. ఏం చేయమంటావమ్మా?' అని అడిగాడు. వివరాలు చెప్పాల్సిన కౌన్సెలర్ మరో కుటుంబంతో మాట్లాడుతున్నాడు. దాంతో ఆమే చెప్పింది, రోజంతా చెవినపడుతున్న మాటే. 'ముందు పాతిక వేలు కట్టి సీటు పెట్టేసుకోండి. సీటు మీకు గ్యారంటీగా ఉంటుంది. ఇక బెంగ ఉండదు.'

ఆయన చొక్కా లోపలి జేబులోంచి డబ్బు తీశాడు. 'యాభై వేలు దాటితే చెక్‌పోస్టులో పట్టుకుంటారటగా. అందుకే ఇంతే తెచ్చా' అంటూ నవ్వాడు. అంతవరకు దాచుకున్నది కాదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. రసీదు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, దండం పెట్టి వెళ్లాడు. ఆ రోజు ఫెయిర్ బాగా జరిగిందని డైరెక్టర్ మెచ్చుకున్నాడు. ఆమె హాయిగా నిద్రపోయింది.

ఆగస్టు చివర్లో ఆయన మళ్లీ కనిపించాడు. ఈసారి క్యాంపస్‌లో, అకౌంట్స్ విభాగం బయట, మెట్ల మీద. కొత్త విద్యార్థుల స్వాగత సభకు వేసిన తోరణాలు ఇంకా తీయలేదు. ఆ తోరణం కింద తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. 'బాగున్నావా అమ్మా? మావాడికి కన్వీనర్ కోటాలో ప్రభుత్వ కాలేజీలో సీటొచ్చింది.'

'చాలా సంతోషమండీ!'

'సంతోషమే. ఆ పాతిక వేలు తీసుకుందామని వస్తే... ఇవ్వరట కదా!' అంటూ రసీదు మడతలు విప్పాడు. వెనకవైపు, అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం. 'ఒకసారి చెల్లించిన రుసుము ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.'

ఆమెకు ఆ వాక్యం బాగా గుర్తుంది. తనే చదివింది. 'ఇవ్వబడదు'లో ఒత్తు సరిగా ఉందో లేదో రెండుసార్లు చూసింది. అక్షరదోషాలు లేవని సంతకం కూడా పెట్టింది. అక్షరాలే చూసింది. వాక్యం చూడలేదు.

ఆయన తిట్టలేదు. 'నువ్వు గ్యారంటీ అన్నావు కదమ్మా' అని మాత్రం అన్నాడు. సీటు గురించి తానన్న మాటను డబ్బుకు కూడా అనుకున్నాడాయన. అలా అనుకోవడంలో తప్పేముంది? పందిరి వేసి, మజ్జిగిచ్చి, నవ్వుతూ చెప్పిన మనిషి మాట కదా!

'మనది ఈవెంట్ల పని. ఫీజుల సంగతి మనకెందుకు?' అన్నాడు డైరెక్టర్. నిజానికి ఆమెకూ మొదట అలాగే అనిపించింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి యూజీసీ ఉత్తర్వులు వెతికింది. 2024-25 విద్యా సంవత్సరానికి ఫీజు వాపసు విధానం స్పష్టంగానే ఉంది. సెప్టెంబరు 30లోగా ప్రవేశం రద్దు చేసుకుంటే కట్టిన మొత్తం తిరిగివ్వాలి. ఆపైన అక్టోబరు 31 వరకు అయితే వెయ్యి రూపాయలకు మించి పట్టుకోకూడదు. అంటే రసీదు వెనక వాక్యంలో అక్షరదోషాలు లేవు గానీ... అసలు ఆ వాక్యమే పెద్ద దోషం!

ఉత్తర్వు ప్రతి తీసుకుని, ఆయన చేత దరఖాస్తు రాయించి, తనే రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లింది. 'ఇది మీ శాఖ కాదు కదా' అన్నారు. 'కాదు సర్, కానీ ఆయన్ను కూర్చోబెట్టింది నేను' అంది. రెండుసార్లు తిరిగింది. మూడోసారి సంతకమైంది. మూడు వారాలకు ఆయన ఖాతాలో పాతిక వేలు పడ్డాయి. ఫోన్ చేసి 'నీ మేలు మర్చిపోను తల్లీ' అన్నాడు. ఆమెకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ. పాతిక వేలకు నెలకు ఐదొందలు. దాదాపు ఐదు నెలలు. ఆ రెండున్నర వేలూ ఆయన అడగలేదు. ఏ ఉత్తర్వులోనూ వాటి ఊసు లేదు.

2025 ఫెయిర్ల సీజను రాకముందే దరఖాస్తు ఫారం నమూనా ఆమె బల్ల మీదకు వచ్చింది. ఈసారి అక్షరాలు చూడటానికి ముందు వాక్యాలు చదివింది. అడుగున ఉన్న ఆ వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, యూజీసీ నిబంధనల ప్రకారం వాపసు ఉంటుందని పెద్ద అక్షరాల్లో రాసింది. దాంతో ఆగలేదు. ఒక్క పేజీ కాగితం వేరేగా తయారుచేసింది. నాలుగేళ్లకు ట్యూషన్ ఫీజెంత, హాస్టల్ ఎంత, బస్సు ఎంత, సీటు వద్దనుకుంటే ఏం చేయాలి... అన్నీ అందులో ఉన్నాయి. ఫ్లెక్సీ మీది లక్షల ప్యాకేజీ ఒక్కరిది. ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సంస్థలు ఇచ్చే వివరాల్లో ఉద్యోగం వచ్చినవాళ్ల మధ్యస్థ జీతం కూడా ఉంటుంది. సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి ఎక్కువ అని చెప్పే అంకె అది. దాన్నీ ఆ కాగితంలో చేర్చింది.

'ఇది చూస్తే ఎవరు చేరతారు?' అన్నాడు డైరెక్టర్. వాదన జరిగింది. ఆఖరికి ఫ్లెక్సీ అలాగే ఉండేట్టు, బల్ల మీద ఆ కాగితమూ ఉండేట్టు రాజీ కుదిరింది. ఆ ఏడాది మొదటి ఫెయిర్‌లో అక్కడికక్కడే డబ్బు కట్టినవాళ్లు ముందటేడాది కంటే తక్కువే. ఆ మాట ఆమె నివేదికలో దాచకుండా రాసింది. కొందరు ఆ కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుని వెళ్లారు. వాళ్లలో కొందరు తర్వాత తిరిగొచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం అన్నీ తెలిసే వచ్చారు.

ఇప్పుడు బంధువులు అడిగితే వాళ్లమ్మ తడుముకోవడం లేదు. 'పిల్లల్ని చేర్పించేముందు మా అమ్మాయిని ఓ మాట అడగండి. ఉన్నదున్నట్టు చెబుతుంది' అంటోంది. ఆ కుర్చీల పిన్నిగారే మొన్న మనవడి మార్కుల జాబితా పట్టుకుని వచ్చింది. ఏ కాలేజీకైనా డబ్బు కట్టేముందు ఆ ఏడాది వాపసు గడువు ఎప్పటివరకో చూసుకోమని, రసీదు వెనకవైపు కూడా చదవమని చెప్పి పంపింది ఆమె.

కుర్చీలు ఇప్పటికీ ఆమే లెక్కపెడుతుంది. టెంట్‌హౌస్ వాడు ఇప్పటికీ ఇరవై తక్కువే పంపుతాడు. కాకపోతే ఇప్పుడు ఒక్కో కుర్చీ వేయిస్తున్నప్పుడు ఓ ఆలోచన వస్తుంది... ఇందులో ఎవరో తండ్రి వచ్చి కూర్చుంటాడు. ఆయన జేబులో వడ్డీకి తెచ్చిన డబ్బు ఉండొచ్చు.