పేలూ, పెద్దమనుషులూ

మన కావ్యాల్లో కురులకు జరిగిన మర్యాద మరే అవయవానికీ జరిగినట్టు లేదు. తుమ్మెదల బారులన్నారు, కారుమబ్బులన్నారు, నెమలి పురి అన్నారు, చీకటినే ముద్ద చేసి ముడి వేసిందన్నారు. యెమ్.ఏ. చదివిన రెండేళ్ళూ యీ వర్ణనల్లో అలంకారాలు గుర్తించడంతోనే నాకు సగం కాలం గడిచిపోయింది. ఆ కురుల మధ్య నిజంగా కాపురం చేసే ప్రాణికి మాత్రం నాయిక తలలో ప్రవేశం దొరకలేదు. దానికి ఆశ్రయమిచ్చింది సామెత. పేనుకు పెత్తనమిస్తే నెత్తంతా కొరికిందని జనం నవ్వుకున్నారు. రాజాస్థానంలో కనిపించని పేను వీధి అరుగు మీద కనిపించడంలో వింతేమీ లేదు. ఆ అరుగుమీద వొకరి వెనక వొకరు వరసగా కూచుని తలలు చూసుకున్న ఆడవాళ్ళే ఆ సామెతలు చెప్పుకున్నారు.

పేను మీద విమర్శ వ్యాసమేమిటని పాఠకులు నవ్వవచ్చు. ఆ నవ్వు వెనక వున్న అసహ్యం సంగతే నేను చెప్పదలచుకున్నది. ఆ అసహ్యం పేనుతో ఆగదు. పేను యెవరి తలలో వున్నదనుకుంటామో వాళ్ళ మీదికి పోతుంది.

డొంకరాయి సీలేరు నది మీద ఆనకట్ట వున్న వూరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి, సీలేరు మీదుగా ఘాట్ రోడ్డున రావడం వొక దారి, చింతూరు, మోతుగూడెం వైపునుంచి రావడం రెండో దారి. యిక్కడ 25 మెగావాట్ల విద్యుత్కేంద్రం వుంది. దానికోసం మైదానం నుంచి వచ్చిన వుద్యోగుల క్వార్టర్లు వొక పక్క, గిరిజనుల గూడేలు చుట్టుపక్కల. నా భర్త ఆ క్వార్టర్ల మనిషి. నేను మైదానంలో కళాశాలలో పాఠం చెబుతూ, సెలవు దొరికినప్పుడల్లా కొండ యెక్కుతాను. మా అమ్మాయి యిక్కడే నాలుగో తరగతి. ఆమె బడిలో క్వార్టర్ల పిల్లలూ, గూడేల పిల్లలూ, హాస్టల్లో వుండి చదివే ఆడపిల్లలూ కలిసి కూచుంటారు. నిజానికి కొండ మీద నన్ను సంతోషపెట్టిన విషయాల్లో అది మొదటిది.

మొన్న దసరా సెలవుల తర్వాత బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. తల్లిదండ్రులంటే తల్లులే, తండ్రులు యిద్దరు వచ్చారు. చదువు గురించి పది నిమిషాల్లో ముగిసింది. ఆ తర్వాత క్వార్టర్ల తల్లి వొకామె లేచి, "హాస్టలు పిల్లలతో కలిపి కూచోబెట్టినప్పట్నుంచీ మా పిల్లల తలలు పాడైపోయాయండీ, హెడ్‌మాస్టరుగారూ. వాళ్ళని విడిగా కూచోబెట్టండి" అన్నది. నలుగురు వంత పాడారు. వచ్చిన యిద్దరు తండ్రుల్లో వొకాయన, "అందరికీ గుండు కొట్టించేస్తే పోలా?" అన్నాడు. అందరికీ అంటే యెవరికో ఆయన వివరించలేదు, యెవరూ అడగనూ లేదు. అక్కడున్న క్వార్టర్ల ఆడపిల్లల జడల వైపు మాత్రం ఆయన చూపు పోలేదు.

వెనక గోడవార నిలబడ్డ గూడెం స్త్రీ వొకామె మెల్లగా అన్న మాట నాకు యింకా వినిపిస్తూంది. "మా పాప మా కాడ వున్నప్పుడు యిన్ని పేలు లేవమ్మా. హాస్టలు నుంచి పండక్కి వచ్చినప్పుడే తల నిండా తెచ్చుకుంది." క్వార్టర్ల తల్లి చెప్పిందీ యీమె చెప్పిందీ వొకటే ఫిర్యాదు: నా బిడ్డకు యితరుల దగ్గరే అంటుకున్నాయని. మొదటి మాట తీర్మానమయింది. రెండో మాట పుస్తకంలోకి యెక్కలేదు. మర్నాటి నుంచి హాస్టలు పిల్లలకు "తాత్కాలికంగా" వెనక రెండు బెంచీలు వేరు చేశారు. ఆ వారంలోనే వాళ్ళలో కొందరికి చెవుల దాకా జుట్టు కత్తిరించారు. మా అమ్మాయికి లెక్కలు చెప్పే స్నేహితురాలు, అయిదో తరగతి పిల్ల, ఆ ఆదివారం యింటికి పోయి మళ్ళీ రాలేదు.

యిక్కడ పేను స్వభావం కాస్త చెప్పుకోక తప్పదు. పెద్ద పేను నువ్వుగింజంత వుంటుంది. దానికి రెక్కల్లేవు, యెగరలేదు, గెంతలేదు, పాకడమొకటే తెలుసు. వొక తల మరో తలకు ఆనినప్పుడు మాత్రమే దానికి ప్రయాణ సౌకర్యం. తల వదిలి కింద పడితే వొకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. నెల రోజుల ఆయుర్దాయంలో రోజుకు ఆరు నుంచి పది దాకా ఈపులు పెట్టి, మాడుకు దగ్గరగా వెంట్రుకకు జిగురుతో అంటిస్తుంది. వారం పది రోజుల్లో అవి పగులుతాయి. మనిషి నెత్తురు తప్ప మరో ఆహారం లేదు, కాబట్టి అడవి నుంచి, కుక్క నుంచి, మట్టి నుంచి రాదు. తలంటుకున్న జుట్టూ తలంటుకోని జుట్టూ దానికి సమానమే. నీళ్ళతో కడిగితే కొట్టుకుపోదు, వెంట్రుకను పట్టుకుని వూరుకుంటుంది. దురద, నిద్రలేమి, గోకితే పుండు తప్ప తలపేను రోగాలు మోయదు. ప్రాణాంతకమైన టైఫస్‌ను మోసేది బట్టల్లో వుండే వొంటిపేను. ఆ సంగతి 1909లో ట్యూనిస్‌లో షార్ల్ నికోల్ కనిపెట్టాడు, 1928లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పేరుమోసిన దాయాది అపకీర్తిని తలపేను కూడా మోస్తున్నది.

యీ సంగతులు తెలిసిన దేశాల్లో వైద్యులు చెబుతున్నదేమంటే, పేలున్నాయని పిల్లను బడి నుంచి పంపవద్దని. ఈపి కనిపిస్తే బడికి రానివ్వని నియమాలు యెత్తివేయాలని అమెరికా శిశువైద్యుల సంఘం పదే పదే చెప్పింది. అందుకు కారణం చాలా సాదాది. వెంట్రుక నెలకు వొక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. మాడుకు దూరంగా కనిపించే ఈపి సాధారణంగా యెప్పుడో పగిలిపోయిన వుత్త చిప్ప. ఆ చిప్పను చూసి పిల్లకు చదువు లేకుండా చేస్తున్నాం. పైగా దురద మొదలై మనం కనిపెట్టేనాటికే పిల్ల తలలో పేలు చేరి వారాలు గడిచి వుంటాయి. అన్నాళ్ళూ పక్కన కూచున్నవాళ్ళను ఆ రోజున విడదీసి సాధించేదేమిటి?

పేలు పేదల సొత్తనే నమ్మకాన్ని చరిత్ర యేమాత్రం బలపరచదు. పాలస్తీనా ప్రాంతంలోని లాఖీష్ శిథిలాల్లో దొరికిన దువ్వెన వొకదాని మీద కనానీయుల అక్షరాలు వున్నాయని 2022లో పండితులు ప్రకటించారు. సుమారు క్రీ.పూ. 1700 నాటిది. ఆ అక్షరమాలలో యింతవరకు దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదే. ఆ వాక్యం దేవుణ్ణి గురించీ కాదు, రాజును గురించీ కాదు. తలలోనూ గడ్డంలోనూ వున్న పేలను యీ దువ్వెన వదలగొట్టుగాక అనే కోరిక. దువ్వెన యేనుగు దంతంతో చేసింది. ఆ దేశంలో యేనుగులు లేవు, కాబట్టి దంతం బయటినుంచి రావాలి, వెల పెట్టి కొనాలి. పేదవాడి తలకు దంతపు దువ్వెన దొరకదు. 1786లో స్కాట్లండు కవి బర్న్స్, చర్చిలో ముస్తాబై కూచున్న దొరసాని టోపీ మీద పాకుతున్న పేనును చూసి పద్యం రాశాడు. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారులు బిడ్డ తల చూస్తున్న తల్లిని గౌరవంగా బొమ్మ గీశారు. టెర్ బోర్క్ వేసిన బొమ్మ హేగ్ నగరంలోని మ్యూజియంలో వుంది. ఆ తల్లి ముఖంలో సిగ్గు లేదు, శ్రద్ధ వుంది.

మరి హాస్టలు పిల్లల తలల్లో పేలు యెక్కువ వుండవా అంటే, వుండవచ్చు. కాని దానికి కారణం కొండ కాదు, కులం కాదు, తల్లి పెంపకం కాదు. తలకు తల ఆనే జాగా తక్కువైనచోట పేను పెరుగుతుంది. చాపకు చాప ఆనించి పడుకునే గది, నలుగురి మధ్య వొక దువ్వెన, వంతుకు రాని పంపు నీళ్ళు - యీ మూడూ చాలు. ప్రభుత్వం నూనెకూ సబ్బుకూ "కాస్మెటిక్ చార్జీలు" అనే పేరుతో డబ్బు యిస్తుంది. అది నెలల తరబడి చేతికి రాలేదనే వార్త మన పత్రికల్లో కొత్తది కాదు. (యింత చిన్న అవసరానికి యింత విలాసమైన పేరు పెట్టిందెవరో గాని, ఆయన హాస్టలు చూసి వుండడు.) పిల్లలను యిరుకులో పెట్టి, యిరుకులో పుట్టిన పేనును ఆ పిల్లల నడవడికి సాక్ష్యంగా చూపుతున్నాం.

ఆపైన కత్తెర. మన సమాజంలో ఆడపిల్ల తల మీద కత్తెర వుత్త వైద్యం కాదు. అయితే మొక్కుబడి, లేకపోతే శిక్ష. వితంతువుల తలలు గొరిగించిన దేశం మనది. 1881లో రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించిననాడు ఆయన యెదిరించిన ఆచారాల గుంపులో అదొకటి. మంగలి కత్తి పదును యెవరిమీద పనిచేస్తుందో చూస్తే ఆ సమాజంలో యెవరికి బలం లేదో తెలుస్తుంది. 2024 నవంబరులో మన్యంలోనే వొక బాలికల విద్యాలయంలో ప్రార్థనకు ఆలస్యమయ్యారని ఆడపిల్లల జుట్టు కత్తిరించిన సంగతి పత్రికల్లో వచ్చింది. అక్కడ పేను ప్రసక్తే లేదు. కాని ఆ కత్తెరా, మా బడి కత్తెరా వేరువేరు అని నేను అనుకోలేను. నగరంలో రుసుము కట్టి చదివే పిల్లల తలకు తల్లి అనుమతి లేకుండా కత్తెర తగిలిస్తే మర్నాడు గేటు ముందు కార్లు బారులు తీరుతాయి.

క్వార్టర్ల తల్లులను దుర్మార్గులని అనను. వాళ్ళ భయం నాకు తెలుసు. మధ్యతరగతి యింట్లో బిడ్డ తల తల్లి వుద్యోగానికి నివేదిక వంటిది. పేను కనిపిస్తే అత్తగారు అడిగేది కోడలినే, కొడుకుని కాదు. అందుకే మా వరసలో పేలనే మాట యెవరి నోటా రాదు. వొకామె, "మా దానికి చుండ్రు వదినగారూ" అన్నది. ఆ చుండ్రు నడుస్తూండగా నేను చూశాను. కొట్టులో మెడికర్ సీసా కొన్నవాళ్ళు దాన్ని కాగితంలో చుట్టించుకుని, పప్పుల పొట్లాల కింద దాచి తీసుకుపోతారు. సమావేశంలో అందరికంటే గట్టిగా మాట్లాడిన ఆమె మూడోనాటి రాత్రి తొమ్మిది గంటలకు మా తలుపు తట్టి, "ఆ సన్న దువ్వెన వొక్కసారి యిస్తారా" అని అడిగింది. యిచ్చాను. ఆమె ముఖం చూస్తే నాకు కోపం రాలేదు. సిగ్గును తాను మోయలేక, మోసే బలవంతం వున్నవాళ్ళ నెత్తిన దించింది.

సిగ్గు వల్ల జరిగే హాని యింతటితో పోదు. దాచుకున్నవాళ్ళు చాటుగా కిరసనాయిలు పోసి పిల్లల మాడు కాలుస్తున్నారు. పంటకు చల్లే పురుగుమందు తలకు రాసి పిల్లల ప్రాణం మీదికి తెచ్చిన తల్లిదండ్రులున్నారు. సీతాఫలం గింజల పొడి మన పాత వైద్యం. పేనును చంపుతుంది గాని, కంట్లో పడితే కనుపాప మీద పొర దెబ్బతింటుంది. భాష కూడా యీ అజ్ఞానానికి సాయపడింది. తలమీద గుండ్రంగా వెంట్రుకలు రాలిపోతే "పేనుకొరుకుడు" అంటాం. దానికీ పేనుకూ యే సంబంధమూ లేదు. వొంట్లోని రక్షణ శక్తే వెంట్రుక కుదుళ్ళను శత్రువులుగా భావించడం వల్ల వచ్చే జబ్బు అది.

నేను హెడ్‌మాస్టరుగారి దగ్గరికి పోయి వొకటే అడిగాను: తలలు చూస్తే అందరివీ వొకేనాడు చూడండి, లేకపోతే యెవరివీ చూడవద్దు. వొక పిల్లకు మందు వేసి పక్క పిల్లను వదిలేస్తే పది రోజుల్లో మొదటికే వస్తుంది. పేను విషయంలో సొంత యింటి గడపకు సున్నం కొట్టుకుంటే సరిపోదు. ఆయన పాపం ఆలోచించి, సరేనన్నారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నర్సమ్మ పెర్మెత్రిన్ వొక శాతం మందు వాడే పద్ధతి చెప్పింది. తలంటి తుడిచిన తడి తలకు పట్టించి పది నిమిషాలుంచి కడగాలి, చావని ఈపుల కోసం తొమ్మిదో రోజున మళ్ళీ పట్టించాలి, మధ్యలో తడి జుట్టును సన్న దువ్వెనతో దువ్వుతూ వుండాలి.

ఆ శనివారం మధ్యాహ్నం బడి వరండాలో మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లలను కూచోబెట్టాం. సమావేశంలో మాట్లాడిన గూడెం తల్లి కూడా వచ్చింది. ఆమె వేళ్ళకు వున్న నేర్పు మా యెవరి వేళ్ళకూ లేదు. పాయ తీసి, వెలుతురుకు తిప్పి, రెండు గోళ్ళ మధ్య టప్పున నలిపేది. క్వార్టర్ల తల్లులు మొదట తలుపు దగ్గర నిలబడ్డారు, తర్వాత యిద్దరు లోపలికి వచ్చి ఆమె పక్కన కూచున్నారు. వొకామె, "అక్కా, యిది ఈపా, చిప్పా?" అని అడిగింది. సమావేశంలో ఆమెను యెవరూ అక్కా అనలేదు. పదకొండు తలల్లో యేడింటిలో పేలున్నాయి. ఆ యేడింటిలో నాలుగు క్వార్టర్లవి, వొకటి మా అమ్మాయిది. నాలుగు క్వార్టర్లవని తెలిశాక వెనక బెంచీలను గురించి యెవరూ మాట్లాడలేదు. సోమవారం వాటిని ముందుకు జరిపారు. తీర్మానాన్ని రద్దుచేసినట్టు మాత్రం పుస్తకంలో రాయలేదు. పెద్దమనుషుల తీర్మానాలు సాధారణంగా అలాగే పోతాయి.

హాస్టలుకు పిల్లకొక దువ్వెన చొప్పున క్వార్టర్లలో చందా వేశాం. కాని పిల్లకొక మంచం మేము చందా వేసి యివ్వలేం, యివ్వకూడదు కూడా. అది ప్రభుత్వం చెల్లించవలసిన బాకీ. అడగడానికి అర్జీ రాశాం. అందులో గూడెం తల్లుల వేలిముద్రలు పదహారు, క్వార్టర్ల సంతకాలు తొమ్మిది. చుండ్రు వదినగారు సంతకం చేయలేదు. రాత్రి దువ్వెన అడిగినామె చేసింది.

అయిదో తరగతి పిల్ల యింకా బడికి రాలేదు. జుట్టు పెరిగాక పంపుతామని వాళ్ళ నాన్న సంతలో కనిపించినప్పుడు చెప్పాడట. చెవుల నుంచి భుజాల దాకా జుట్టు పెరగాలంటే యేడాది పడుతుంది. ఆ లోపల పరీక్షలు వస్తాయి. రోడ్డు దిగి వాళ్ళ వూరికి రెండు గంటల నడక. వచ్చే ఆదివారం లెక్కల పంతులమ్మా నేనూ పోతున్నాం, మా అమ్మాయి కూడా వస్తానంటోంది.