పొద పిగిలి, కొండ పొద పిగిలి

ఎర్రగుంట్ల అనగానే నాపరాళ్లు, సిమెంటు ఫ్యాక్టరీలు గుర్తొస్తాయి. రైలు ఆగిన కాసేపట్లో కిటికీలోంచి చూసేవాళ్లకి ఇక్కడ పాటపాడే పిట్టలుంటాయని తోచనే తోచదు. కానీ ఊరు దాటి రేగుకంపల వైపు నాలుగడుగులు వేయండి. ఉన్నట్టుండి పొదలోంచి గలగలమని ఒక కూత వినిపిస్తుంది. తలతిప్పి చూస్తే ఏమీ ఉండదు. అదే పొద పిగిలి. కనిపించడం తక్కువ, వినిపించడం ఎక్కువ.

ఇళ్ల దగ్గర తిరిగే మామూలు పిగిలిపిట్టకి నల్లటి తల, చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ ఉంటాయి. పొద పిగిలికి ఆ సోకులేవీ లేవు. ఒళ్లంతా ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు. కంటిపైన తెల్లటి చార. తోక మొదట్లో, కింది వైపు కాస్త పసుపు. అంతే.

దీనికో చుట్టం ఉంది. పొడవు ఇద్దరిదీ ఇంచుమించు 20 సెంటీమీటర్లే. కానీ ఆ చుట్టానికి తల, గొంతు పసుపు పూసినట్టుంటాయి. రొమ్ము బూడిదరంగు. కంటిపైన తెల్ల చార ఉండదు. దాని తెలుగు పేరు కొండ పొద పిగిలి. ఇంగ్లీషువాళ్లు ఒకదానికి కనుబొమను బట్టి, రెండోదానికి గొంతును బట్టి పేరు పెట్టారు. మనవాళ్లు రంగులు పట్టించుకోలేదు. ఎక్కడుంటుందో చూసి, ముందు ‘కొండ’ అని చేర్చారు. పిట్టను వెతుక్కుంటూ వెళ్లేవాడికి ఏ పేరు ఎక్కువ పనికొస్తుందో వేరే చెప్పాలా!

కొండ పొద పిగిలిని 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది మద్రాసు సైన్యంలో వైద్యుడు జెర్డాన్. కడప జిల్లావాళ్లకి ఈ పేరు కొత్తేం కాదు. 1986లో సిద్ధవటం దగ్గర మళ్లీ కనిపించిన కలివికోడిని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు.

పొద పిగిలికి బతకడం తెలుసు. కంచెలున్నా చాలు, తోటలున్నా చాలు. శ్రీలంకలోనూ ఉంటుంది. కొండ పిగిలి అలా కాదు. దక్షిణ భారతంలోని రాతికొండలు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అవైనా బండరాళ్ల మధ్య దట్టంగా పొదలు పెరిగిన కొండలై ఉండాలి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు, కర్ణాటకలోని నందికొండ అలాంటివే. ఈ కొండలు మైదానంలో దీవుల్లా విడివిడిగా ఉంటాయి.

ఎర్రగుంట్ల చుట్టూ తవ్వేది సున్నపురాయి, నాపరాయి. కొండ పిగిలికి గండం తెచ్చింది వేరే రాయి, గ్రానైటు. క్వారీకి కొండనే పిండి చేస్తారు. దానికితోడు వంటచెరకు కోసం పొదలు నరకడం, వేసవి మంటలు. అందుకే ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. పొద పిగిలికి ఆ బెంగ లేదు. పులికీ ఏనుగుకీ ఉన్న పలుకుబడి ఇరవై సెంటీమీటర్ల పిట్టకి ఎక్కడుంటుంది?

జమ్మలమడుగు మీదుగా గండికోటకి వెళ్లేవాళ్లు పెన్న లోయ అంచున, రాళ్ల సందుల్లో కూత వినిపిస్తే తొందరపడి పేరు పెట్టొద్దు. పొద్దున్నే వెళ్లి, కదలకుండా కూర్చోవాలి. సెల్‌ఫోన్లో పిట్టకూత పెట్టి పిలవడం మాత్రం వద్దు, పాపం, శత్రువొచ్చాడనుకుని కంగారుపడతాయి. ముఖం చూపించకుండానే ఎగిరిపోయిందా? తోక చూడండి. కొసల్లో పసుపు మెరిస్తే అది కొండ పిగిలి.