రాజుగారి చిన్న బండి

నౌపడ స్టేషన్‌లో పెద్ద లైను బండి దిగి ఇవతలికి వస్తే గుణుపురం బండి నిలబడి ఉండేది. దాని పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. ఒక్కో పట్టా మీద ఒక్కో కాలు వేసి నిలబడేవాణ్ణి. ‘దిగరా బాబూ, బండి కదిలిపోతాది’ అని నాయనమ్మ రెక్క పట్టుకుని లాగేది.

హౌరా–మద్రాసు లైను తన ఊరికి పాతిక మైళ్ళ అవతల నౌపడ మీదుగా పోయిందని పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి ఊరుకోలేదు. ఏడు లక్షల రూపాయల ఖర్చుతో సొంత లైను వేయించుకున్నాడు. 1900లో బండి నడిచింది. తొలి ఏళ్ళలో నష్టమే వచ్చినా ఆపలేదు. ఆ తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు వంశధార లోయ వెంబడి 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు.

పెట్టెలో ఎదురుగా కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు మన మోకాళ్ళకు తగిలేవి. అందుకే కాబోలు, టెక్కలి దాటేసరికే మాటలు కలిసిపోయేవి. నౌపడ కొఠార్ల ఉప్పు పైకి వెళ్ళేది. కొండల నుంచి చింతపండు, పసుపు, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్ళు కిందికి దిగేవి. సవర ఆడవాళ్ళు బుట్టలు కాళ్ళ దగ్గర పెట్టుకుని గుమ్మం పక్కనే కూర్చునేవారు. పచ్చి పసుపు, బొగ్గుపొగ కలిసిన ఆ వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు.

కిటికీలోంచి తల బయటపెడితే కంట్లో నుసి పడేది. నాయనమ్మ కొంగు ఉండచుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటికి మెల్లగా అద్దేది. బండి పాతపట్నం చేరేలోపు మూడు నాలుగుసార్లైనా ఆ పని ఉండేది. ఆమె ఒక్కసారీ విసుక్కోలేదు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, ఈ లైనును సరిహద్దు గీత రెండు ముక్కలు చేసింది. పాతపట్నం ఇటు, పక్కనే ఉన్న పర్లాకిమిడి అటు. అర్ధశతాబ్దం పైగా అక్కడే బతికి, సవర భాషకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తిగారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. బండి మాత్రం రెండు రాష్ట్రాల మధ్యా మునుపటిలాగే తిరిగింది. టిక్కెట్టు కొనేవాళ్ళు ఏ ప్రభుత్వం అని అడగలేదు.

2004 జూన్‌లో చిన్న లైను ఆపేశారు. 2011కి పెద్ద పట్టాలు గుణుపురం చేరాయి. అది రావలసిందే. గుణుపురంలో ఎక్కిన రోగి నౌపడలో బండి మారకుండా విశాఖలో దిగుతున్నాడంటే అంతకన్నా ఏం కావాలి? అయినా ఆ పొట్టి పెట్టెల్లో ఒక్కటైనా పర్లాకిమిడిలో నీడపట్టున ఉంచితే బాగుండునని నాకు గట్టి కోరిక.

మొన్న గుణుపురం వెళ్తూ కిటికీ తలుపు ఎత్తి కూర్చున్నాను. టెంబూరు దాటాక చల్లగాలి కొట్టింది. పాతపట్నం దాకా తల బయటికే పెట్టుకుని ఉన్నాను. కంట్లో ఏమీ పడలేదు.