బందరులో ఒక కుటుంబాన్ని వెదకుతూ



మత్తయి సువార్త మొదటి అధ్యాయము చదివేటప్పుడు మనలో చాలామందిమి ఆ పేర్ల వరుసను గబగబా దాటిపోతాము. కానీ నెహెమ్యా 7వ అధ్యాయములో ఉన్న ఒక చిన్న సంగతి చూడండి. చెర నుండి తిరిగి వచ్చిన యాజక కుటుంబాలలో కొందరు వంశావళి పుస్తకములలో తమ పేర్లు వెదకుకొన్నారు. అవి కనబడలేదు. అందుచేత వారిని యాజక ధర్మము నుండి వేరుపరచారు. ఒక పేరు వ్రాయబడి ఉండుటకు, ఉండకపోవుటకు అంత తేడా ఉన్నది.

ఈ సంగతి మనసులో పెట్టుకొని మేము ఈమధ్య విజయవాడ నుండి బందరు వెళ్ళి వచ్చాము. మాతో ఇద్దరు సంఘ పెద్దలు, నలుగురు యౌవనస్థులు వచ్చారు. నూట ఎనభై ఏళ్ళకు పైగా క్రితం మన కృష్ణా తీరమునకు వచ్చిన ఒక మిషనెరీ కుటుంబము ఏమైనదో, వారి ఆనవాళ్ళు ఎక్కడెక్కడ మిగిలినవో తెలిసికొనుట మా ఉద్దేశము. ఆ మిషనెరీ పేరు హెన్రీ వాట్సన్ ఫాక్స్.

విజయవాడ నుండి బందరుకు సుమారు 70 కిలోమీటర్లు. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, గూడూరు దాటి వెళ్ళాలి. దారి పొడుగునా వరిచేలు, అక్కడక్కడా చెరుకుతోటలు, కొబ్బరిచెట్లు, గేదెలు దిగిన కాలువలు. మాతో వచ్చిన కుర్రవాడు ఒకడు, "అయ్యగారూ, ఫాక్స్ దొరగారు కూడా ఈ కాలువలోనే పడవ మీద తిరిగేవారాండీ?" అని అడిగాడు. లేదు. ఆయన వచ్చింది 1841లో. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయింది 1855లో. ఇప్పుడున్న ప్రకాశం బ్యారేజి ఇంకా నూరేళ్ళ తరువాతి మాట. ఫాక్స్ గారు వచ్చేనాటికి ఈ ప్రాంతము నందన కరువు దెబ్బ తిని ఎనిమిదేళ్ళే అయినది. 1833లో గుంటూరు, బందరు ప్రాంతాలలో ఊళ్ళకు ఊళ్ళే పాడుబడిన కరువు అది. మనము చూస్తున్న పచ్చదనము ఆయన కళ్ళు చూడలేదు.

బందరు పాత రేవు. డచ్చివారు 17వ శతాబ్దము మొదట్లో ఇక్కడ వర్తకము పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. డచ్చివారి గోరీల దొడ్డి పురావస్తు శాఖవారి రక్షణలో ఇప్పటికీ ఉన్నది. పెద్ద పెద్ద రాతి పలకల మీద వారి భాషలో పేర్లు, తేదీలు, వంశచిహ్నాలు చెక్కి ఉన్నవి. ఊరిలోని సెయింట్ మేరీస్ దేవాలయములో 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ అనే యువతి సమాధి ఉన్నది. మేజర్ జనరల్ జాన్ పేటర్ ఆమె మీది ప్రేమ చేత ఆ గుడి కట్టించాడని బందరువారు కథగా చెబుతారు. రాయి చెక్కించగలవారి పేరు రాయి మీద నిలిచింది.

ఫాక్స్ గారి కుటుంబానికి మాత్రము ఈ ఊరిలో గోరీ వెదకి లాభము లేదు. వారి కథ మూడు నాలుగు చోట్ల చెదిరి ఉన్నది. మేము కూడబెట్టినంత మట్టుకు చెబుతాము.

ఆయన 1817లో ఇంగ్లండులోని డర్హాం ప్రాంతములో పుట్టారు. రగ్బీ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోను చదివారు. 23 ఏళ్ళకు గురుపట్టము పొంది, కొత్తగా పెండ్లియైన భార్య ఎలిజబెత్ గారితో, తోటి మిషనెరీ రాబర్ట్ నోబుల్ గారితో 1841లో ఓడ ఎక్కారు. చర్చి మిషనెరీ సొసైటీ తెలుగువారి మధ్యకు పంపిన మొదటి మిషనెరీలు వీరే. పని పంచుకున్నారు. నోబుల్ గారు 1843లో బందరులో పాఠశాల పెట్టారు. అదే నేటి నోబుల్ కళాశాలకు మొదలు. ఫాక్స్ గారు తెలుగు నేర్చుకొని పల్లెలలోను, తిరునాళ్ళలోను బోధించే పని తీసికొన్నారు.

1841 అక్టోబరులోనే, అంటే వచ్చిన కొద్ది కాలానికే, బందరులో వారికి కుమారుడు పుట్టాడు. హెన్రీ ఎలియట్ అని పేరు పెట్టారు. అయితే మన ఎండలు, జ్వరాలు ఆ ఇంటిని నిలువనీయలేదు. ఫాక్స్ గారు ఆరోగ్యము కోసము నీలగిరులకు వెళ్ళవలసి వచ్చింది. 1845లో ఇంగ్లండుకు తిరుగు ప్రయాణము పెట్టుకున్న సమయములోనే ఎలిజబెత్ గారు మరణించారు. పిల్లలను స్వదేశములో దిగబెట్టి ఆయన ఒంటరిగా మళ్ళీ బందరు వచ్చారు. ఆ రాకను గూర్చి మా పెద్దలలో ఒకరు, "తల్లిలేని బిడ్డలను వదలి సముద్రము దాటి రావాలంటే గుండె ఎంత బరువెక్కి ఉండాలి!" అన్నారు. ఆయన శరీరము ఎక్కువ కాలము ఓర్చుకోలేదు. 1848లో ఇంగ్లండు చేరి, అదే సంవత్సరము అక్టోబరు 14న డర్హాములో కన్నుమూశారు. వయస్సు 31 ఏళ్ళు. ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము చందాలు వేసికొని బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషించారు.

మరి బందరులో పుట్టిన బిడ్డ? అతడు పెరిగి పాదిరి అయ్యాడు. 1895 నుండి 1910 వరకు, తన తండ్రిని పంపిన ఆ సొసైటీకే లండనులో కార్యదర్శిగా ఉన్నాడు. బందరులో పుట్టినవాడు లోకమంతటికి మిషనెరీలను పంపే బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఇదంతా మనకెలా తెలిసింది? ఫాక్స్ గారి అన్నదమ్ముడు 1850లో ఆయన జీవితచరిత్ర అచ్చువేయించాడు. మద్రాసు రాజధానిలోని యూరోపియనుల బాప్తిస్మము, వివాహము, సమాధి రిజిస్టర్లకు నకళ్ళు తీసి లండనుకు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. సొసైటీ ఉత్తరాలు బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయములో భద్రముగా ఉన్నవి. అమెరికాలోను ఇంతే. 1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకము చేసిన జాన్ మార్టన్ పూర్వికుడు, ఫిన్లాండు నుండి 1654లో డెలావేర్ నదీతీరానికి వలస వచ్చిన మార్టి మార్టినెన్ అనే రైతు. అటువంటి సామాన్యుల వరుసను నేటివారు పట్టుకొనగలుగుతున్నారంటే, అక్కడి పాత సంఘాల పుస్తకాలు గొప్ప ఆధారము.

ఇక మనవారి సంగతి. నోబుల్ గారి శిష్యుడు మంచాల రత్నము గారి పేరు నిలిచింది. బెజవాడలో డార్లింగ్ దొరగారి ద్వారా 1859లో సువార్త అందుకొన్న రాఘవాపురము పగోలు వెంకయ్య గారి పేరు నిలిచింది. దొరలు తమ ఉత్తరాలలో వ్రాశారు గనుక ఆ పేర్లు మనకు దక్కాయి. మరి వెంకయ్య గారి వెంట వచ్చిన కూలివారు, వారి భార్యలు? వారి పేర్లు ఎందరికి తెలుసు? ఏడేళ్ళు మాత్రమే మన మధ్య మెలిగిన దొరగారి ఇంటి కథ తేదీలతో సహా దొరుకుతున్నది. అయిదారు తరాలుగా ఇక్కడే నాగలి పట్టి, నాట్లు వేసిన మన ఇంటి కథ దొరకడము లేదు.

దీనికి కారణాలున్నవి. బాప్తిస్మమప్పుడు పేరు మారుతుంది. పొలము కాగితములో పుల్లయ్య, సంఘ పుస్తకములో యోహాను. ఇద్దరూ ఒకరేనని చెప్పేవారు పోతే దారము తెగిపోయినట్టే. చెదలు ఉన్నది. తుపానులు ఉన్నవి. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ సంగతి మన పెద్దలకు ఇంకా కళ్ళముందే ఉన్నది. అటువంటి రాత్రులలో మనుష్యులు, వారి పేర్లు తెలిసినవారు, ఇంటిలోని కాగితాలు అన్నీ ఒక్కసారే పోయినవి.

తిరుగు ప్రయాణములో మాతో వచ్చినవారిని ఒక ప్రశ్న అడిగాము. తాతగారి తండ్రి పేరు ఎవరికి తెలుసు? ఏడుగురిలో ఇద్దరమే చెప్పగలిగాము. ఆయన భార్య పేరు ఒక్కరమూ చెప్పలేకపోయాము.

కనుక ప్రియులారా, ఈ నెలలోనే ఒక పని చేయండి. ఇంటిలో అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్య ఉంటే వారి దగ్గర కూర్చోండి. ఇంటిపేరు ఏమిటి, అసలు ఏ ఊరు, ఎందుకు వలస వచ్చారు, మొదట ఎవరు బాప్తిస్మము పొందారు, ఏ చెరువులో లేక ఏ కాలువలో, ఎవరు ఇచ్చారు, అంతకు ముందున్న పేరు ఏమిటి, ఎక్కడ సమాధి చేశారు అని అడగండి. ఆడవారి పుట్టింటి పేర్లు మరువవద్దు. కుటుంబ బైబిలు మొదటి పుటలలో సిరాతో వ్రాయండి. ఒక నకలు వేరే ఊరిలో ఉన్న బంధువుల ఇంట ఉంచండి. సంఘ రిజిస్టరు పాతబడితే పెద్దలు పూనుకొని ప్రతి పుటకు ఫోటో తీయించండి.

దేవునికి మన పేర్లు తెలుసు. ఆయన గ్రంథములో తప్పిపోవడము ఉండదు. కానీ మన మనుమలకు మనము చెబితేనే తెలుస్తుంది. మీ ఇంటి పెద్దలు ఇంకా మాట్లాడగలిగి ఉండగానే అడిగి వ్రాసికొనండి.