చెట్టు నీడా, బోరు లోతూ

మీ ఊళ్ళో ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే ముందు ఏమడుగుతారో నాకు తెలియదు. ఎన్ని గదులు, తూర్పు వాకిలేనా, గజం ఎంత పడింది, ఇలాంటివే అయి ఉంటాయి. మా అనంతపురంలో మాత్రం ఎదుటి మనిషి గొంతు కాస్త తగ్గించి, ఇంట్లో జబ్బు మనిషి సంగతి అడిగినట్టు అడుగుతారు, "బోరు ఎన్నడుగులు?" అని. ఆ వెంటనే, "నీళ్ళు నిలకడగా ఉండాయా?" అని. ఆ రెండిటికీ సరైన జవాబు లేకపోతే మీరు ఇంద్రభవనం కొన్నా సరే, "ఆఁ, బాగుందిలేమ్మా" అని లేచిపోతారు.

పదకొండేళ్ళు అద్దె ఇళ్ళలో గడిపి, సామాన్లు సర్దే ఓపిక ఇంక లేక, కిందటేడు మేమూ ఇల్లు కొనాలనుకున్నాం. ఇంట్లో ఉన్నది ముగ్గురం, కోరికలు మూడు. మావారికి నలుగురూ చూసి మెచ్చుకునే కాలనీ, కారు పెట్టుకునే చోటూ కావాలి. నాకు నాలుగు చెట్లూ, కాస్త నిశ్శబ్దం కావాలి. నవలలు రాసుకునేదాన్ని కదండీ, కిటికీ తెరిస్తే ఆటో హారను కాకుండా పిట్ట కూత వినబడితే బాగుండునని ఆశ. మా అత్తమ్మకి ఒకటే మాట. "రేకుల కొట్టమైనా ఉంటా. నీళ్ళకి ఇంగొకరి గడప తొక్కేది మాత్రం నాతో కాదు." ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. మెట్లబావిలోంచి రెండు కడవలు, ఒకటి నెత్తిన, ఒకటి చంకన మోసిన మనిషి. ఆవిడ మాట కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

సరిగ్గా అదే రోజుల్లో మా అక్క కూతురు హాలండులో ఇల్లు కొనడం మొదలెట్టింది. ఆమ్‌స్టర్‌డాం పక్కనే ఆమ్‌స్టెల్వేన్ అని ఊరు. మనదేశం వాళ్ళు బోలెడంతమంది ఉన్నారక్కడ. ప్రతి ఆదివారం ఫోనులో వీడియో పెట్టి, తను చూసిన వీధులన్నీ మాకూ చూపించేది. చూస్తుంటే నా కడుపు మండిపోయిందంటే నమ్మండి. ఇంటి ముందు ప్రహరీ గోడ లేదు, గేటు లేదు. కిటికీలకి తెర కూడా వెయ్యరు. వీధి పొడుగునా చెట్లు, పక్కన సన్నటి కాలువ, అందులో బాతులు. సైకిళ్ళు తప్ప చప్పుడు చేసే వస్తువే కనబడదు. పైన మాత్రం అప్పుడప్పుడూ విమానం పోతుంది. షిపోల్ విమానాశ్రయం ఆ పక్కనే కదా.

అదంతా అత్తమ్మ కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూసి, "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి ఇడుస్తారే?" అంది.

"అవ్వా, ఇక్కడ ఎప్పుడు తిప్పినా వస్తాయి. నీళ్ళు రావడం కాదు, పోవడమే ఇక్కడ కష్టం" అని ఆ పిల్ల నవ్వింది.

అత్తమ్మ నమ్మలేదు. నేను చెప్పబోతే నామీద కూడా నమ్మకం పెట్టుకోలేదు. కానీ ఆ పిల్ల చెప్పింది నిజమే. ఆ దేశంలో నాలుగోవంతు పైగా సముద్ర మట్టానికి కిందే ఉంది. ఇప్పుడు షిపోల్ విమానాలు దిగే చోటు ఒకప్పుడు పెద్ద సరస్సు. ఆవిరి పంపులు పెట్టి తోడి తోడి 1852 నాటికి దాన్ని ఆరబెట్టారు. ఇప్పటికీ పంపులు ఆగితే అక్కడివాళ్ళకి కాళ్ళు తడుస్తాయి. ఈ నీళ్ళ కాపలాకోసం 1200ల నాటి నుంచీ నీటి సంఘాలున్నాయట. ఇవాళ 21 ఉన్నాయి. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. అంటే మనం నీళ్ళు రమ్మని టాంకరువాడికి డబ్బిస్తాం, వాళ్ళు నీళ్ళు పొమ్మని ప్రభుత్వానికి పన్ను కడతారు. భగవంతుడి పంపకాలు ఎవరికీ అర్థం కావు.

చిత్రమేమిటంటే, అక్కడ మరీ కుండపోతగా ఏమీ కురవదు. వాళ్ళకి ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్లు. మా అనంతపురానికి 550. దేశంలో జైసల్మేరు తర్వాత మాదే కరువు నేల అని చెప్పుకుంటుంటారు గాని, లెక్క చూస్తే తేడా రెట్టింపు కూడా లేదు. కాకపోతే వాళ్ళకి ఆ వాన పన్నెండు నెలలూ తుంపర తుంపరగా పడుతుంది, ఎండ దాన్ని తాగెయ్యదు. మాకేమో నైరుతి ఋతుపవనం పడమటి కనుమల దగ్గరే సగం ఖాళీ అయిపోయి వస్తుంది. ఈశాన్యం తూర్పు తీరం నించి ఇక్కడిదాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాది వానంతా నాలుగైదు గట్టి జల్లుల్లో పడిపోయి, మిగిలిన రోజులన్నీ ఎండే. వేరుశనగ రైతుని అడగండి, వాన మొత్తం ఎంతని కాదు, ఏ వారం పడిందని చెబుతాడు.

ఇల్లు కొనే పద్ధతి కూడా అక్కడ వేరుగా ఉంది. చూడ్డానికి అరగంట టైమిస్తారు. మనలా "ఇంకోసారి మా అత్తగారిని తీసుకొస్తాం, మా ఆడపడుచుని తీసుకొస్తాం" అంటే కుదరదు. అడిగిన ధరకంటే ఎక్కువ వేసి పాడుకోవాలి. అది విని మావారు "అడిగినదానికంటే ఎక్కువా?" అని ఉలిక్కిపడ్డారు. అయితే ఒక్క మంచి నియమం ఉంది. సంతకం పెట్టాక మూడు రోజుల గడువు. ఆ మూడు రోజుల్లో కారణం చెప్పకుండా వద్దనుకోవచ్చు. మా పిల్ల మొదట ఒక పాత ఇల్లు, ఎర్ర ఇటుకలది, ముందు గులాబీ తీగ, చూసి మనసు పారేసుకుని సంతకం పెట్టింది. రెండో రోజు పరీక్ష చేసిన మనిషి చెప్పాడు, పునాది కొయ్య దుంగలమీద ఉందని. ఆ దేశంలో మెత్తటి నేల ఉన్నచోట్ల పాత ఇళ్ళు చాలావరకు నేలలో దిగ్గొట్టిన దుంగలమీదే నిలబడ్డాయి. ఆమ్‌స్టర్‌డాంలో రాజుగారి భవనం కింద 13,659 దుంగలున్నాయని ఆ ఊళ్ళో పిల్లలు కూడా చెబుతారట. దుంగ నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం వందల ఏళ్ళు చెడదు. భూమిలో నీటిమట్టం దిగి, దుంగ తలకి గాలి తగిలిందా, కుళ్ళు మొదలు. 2018 వేసవిలో అక్కడ వానల్లేక నీరు దిగిపోతే చాలా ఇళ్ళవాళ్ళకి ఈ బెంగే పట్టుకుంది.

అత్తమ్మకి ఇది విడమర్చి చెప్పాను. ఈసారి మాత్రం చప్పున అర్థమైంది. "అంటే ఆడ కూడా భూమిలో నీళ్ళు పోతే ఇల్లు పాయనే" అంది. మా పిల్ల మూడో రోజు ఆ ఇల్లు వద్దని చెప్పేసింది. తర్వాత, కాంక్రీటు పునాది ఉన్న వరస ఇల్లు, కాస్త చిన్నదే, తీసుకుంది.

ఇక మా సంగతి. బ్రోకరు మమ్మల్ని ముందు ఊరి బయటి వెంచర్లకి తిప్పాడు. పేర్లు వింటే ఊటీలో ఉన్నామనిపిస్తుంది, ఏ పేరులో చూసినా పచ్చదనమే. గేటు దగ్గర నాలుగు కొబ్బరి మొక్కలు, రంగురంగుల బెంచీ, పచ్చిక. పచ్చికమీద టాంకరు నీళ్ళు పడుతోంది. మావారు ముగ్ధులైపోయి "చూశావా నీ చెట్లు" అన్నారు. నేను ఆ టాంకరునే చూస్తున్నాను. అమ్మకం అయ్యేదాకా టాంకరు వస్తుంది, తర్వాత ఎవరు పోయిస్తారు? "నీళ్ళకేం మేడమ్, రెండంగుళాల నీళ్ళు" అన్నాడు బ్రోకరు. బోరు నీళ్ళని అంగుళాల్లో కొలవడం మీకు కొత్తయితే, మా ప్రాంతానికి కోడలిగా రావద్దని సలహా.

నేను కనిపెట్టిన పద్ధతి ఒకటి చెబుతాను, పనికొస్తే వాడుకోండి. ఏ వీధికి వెళ్ళినా ఇళ్ళు చూడకండి, వాకిట్లో నీలం డ్రమ్ములు లెక్కపెట్టండి. ఇంటికొకటుంటే ఫరవాలేదు. మూడుంటే ఆ వీధిలో అందరి మొహాలూ మే నెలలో ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. తర్వాత సంపు మూత తీయించి లోపల గోడమీద నీటి చారలు చూడండి, ఎంతవరకు నిండుతుందో అవే చెబుతాయి. ఆఖరిది, అసలుది, పక్కింటి ఆవిడతో వంటింటి గుమ్మం దగ్గర పదినిమిషాలు మాట్లాడాలి. మగవాళ్ళు వీధిలో నిలబడి మాట్లాడుకునేటప్పుడు నీళ్ళెప్పుడూ పుష్కలమే. వంటింట్లో నిజం బయటపడుతుంది. ఒక చక్కటి డాబా ఇల్లు అలాగే తప్పిపోయింది. పక్కింటావిడ గిన్నె తోముతూ, "ఏప్రిల్ దాకా పర్వాలేదక్కా. ఆపైన మోటరేస్తే గాలి వస్తాది" అంది. నీళ్ళు కావు, గాలి! ఆ మాట విన్నాక ఆ ఇంటి గ్రానైటు నాకు కనబడనే లేదు.

ఆఖరికి దొరికింది పాత వీధిలో పాత ఇల్లు. తాడిపత్రి బండలు పరిచిన నేల, ఎత్తైన కప్పు, వెనక ఒక వేప, ఒక కానుగ. కానుగకి నీళ్ళు పోయనక్కర్లేదు, ఎండలో కూడా ఆకు నిగనిగలాడుతుంది. మా నేలకి దేవుడిచ్చిన చెట్టది. వీధిలో చప్పుడు లేదు. కారు పెట్టే చోటూ లేదు, మావారి మొహం కొంచెం చిన్నబోయింది. బోరు 650 అడుగులు. దానికంటే ముందు వేసిన రెండు ఫెయిలయ్యాయని ఇల్లావిడే చెప్పింది, దాచలేదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగే నీళ్ళాయన వచ్చి, కాయ నిలువుగా లేచిన చోట పాయింటు పెట్టాడట. తిరుచెంగోడు రిగ్గు లారీ రాత్రంతా తొలిచిందట. మొదటి రెండుసార్లు దుమ్ము, మూడోసారి నీళ్ళు. కాయ లేచినచోటే దుమ్ము కూడా వచ్చిందన్నమాట, ఆ సంగతి నీళ్ళాయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. ఇప్పుడైతే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకి అనుమతి కావాలి. అంచేత ఉన్న బోరుకే విలువ.

కుళాయి కూడా ఉంది. మా ఊరి కుళాయి నీళ్ళ ప్రయాణం తలుచుకుంటే జాలేస్తుంది. తుంగభద్ర నించి ఎగువ కాలువమీద పెన్నహోబిళం జలాశయానికి, అక్కణ్ణించి గొట్టాల్లో మా ఇంటికి. శ్రీశైలం నించి కృష్ణ నీళ్ళు కూడా హంద్రీ-నీవా పంపులెక్కి జిల్లాలోకొస్తున్నాయి. ఇంత దూరం నించి వచ్చిన అతిథిని మనం వాకిలి కడగడానికి వాడతాం.

అత్తమ్మ సంపులోకి తొంగి చూసి, చారలు చూసి, "తీసుకోండి" అంది. బుక్కరాయసముద్రం చెరువు ఇటువైపే కాబట్టి భూమిలో ఊట ఉంటుందని ఆవిడ నమ్మకం. చెరువు మాటొస్తే ఆవిడకి ముసలమ్మ కథ గుర్తొస్తుంది. గండి పడ్డ ఆ చెరువుకి ఒక రెడ్డిగారి చిన్నకోడలు ప్రాణం ఇచ్చిందని చెప్పుకునే కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు కాలేజీలో చదువుతూనే 1899లో దాన్ని కావ్యం చేశారు. కాలేజీలో ఆ కావ్యం చదివి నేను కన్నీళ్ళు పెట్టుకున్నాను. అత్తమ్మ మాత్రం ఎప్పుడూ ఏడవదు. "ఇంట్లో అంతమంది మగోళ్ళుండంగ గంగమ్మకి కోడలే కావాల్సొచ్చిందా?" అంటుంది.

దస్తావేజు రాయించే రోజున, రాసే ఆయన కళ్ళజోడు సర్దుకుని మావారివైపే తిరిగి, "ఎవరి పేర్న రాయాల సార్?" అన్నాడు. మావారు అలవాటుగా తమ పేరు మొదలుపెట్టారు. చెడ్డ ఉద్దేశం కాదు, ఆ ప్రశ్నకి ఆ జవాబు నోటికొచ్చేస్తుంది, అంతే. ఇంట్లో సగం డబ్బు నా సీరియళ్ళది, మా అమ్మ గొలుసుది, పుట్టింటి పొలంలో నా వాటాది. ఆ వాటా కూడా ఊరికే రాలేదు. 1986లో మన రాష్ట్రం చట్టం సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా హక్కిచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించదంది. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చాకే ఆ అడ్డు పోయింది. నేను నోరు తెరిచేలోగా, బల్లమీద కూర్చున్న అత్తమ్మ అంది, "ఇద్దరి పేర్లూ రాయప్పా. ముందర ఆయమ్మది రాయి."

ఆయన నవ్వి, "ఆడోళ్ళ పేర్న రాస్తే మన రాష్ట్రంలో రాయితీ ఏమీ లేదమ్మా, సుంకం అంతే" అన్నాడు. ఢిల్లీలాంటి చోట్ల స్టాంపు సుంకం ఆడవాళ్ళకి తక్కువ. మనకి ఎవరు కొన్నా అన్నీ కలిపి ఏడున్నర శాతం.

"రాయితీకి కాదులే" అంది అత్తమ్మ. "వాళ్ళ నాయన పోయినాక, సొంత ఇంట్లో కూచ్చోనుండి, ఈ ఇల్లు నాదేనని పదిమందితో చెప్పించుకున్నా. ఎనిమిది నెల్లు తిరిగినా."

ఈ సంగతి ఇరవై రెండేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. మావారికీ తెలియదనుకుంటాను, ఎందుకంటే ఆయన కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి, "ముందు ఆమెదే రాయండి" అన్నారు.

అప్పు పదిహేనేళ్ళు. కారు వీధిలోనే, వేపచెట్టు కింద. కాకులు దానిమీద ఏం చేస్తాయో మీరే ఊహించుకోండి, మావారు రోజూ పొద్దున్నే బకెట్టు పట్టుకుంటారు. అర బకెట్టుకి మించి వాడకూడదని అత్తమ్మ ఆజ్ఞ. ఆమ్‌స్టెల్వేన్ పిల్ల కూడా ఇంట్లో చేరింది. మొన్న వానకి పెరట్లో చెప్పులు తేలాయని ఫొటో పంపింది. "ఆ నీళ్ళు ఇటు తోలమను" అని అత్తమ్మ కబురు.

మిద్దెమీద వాన నీరంతా దిగేలా వెనక ఇంకుడుగుంట తవ్విస్తున్నాం. మనుషులు రేపు వస్తామన్నారు. కానుగ వేళ్ళు తెగకుండా ఎక్కడ తవ్వాలో అత్తమ్మ సాయంత్రమే ముగ్గుపిండితో గీత గీసి పెట్టింది.